మేఘం సైగ అందింది... మనిషి సైగ?

తుపాను వార్తల్లో తెలుగు పత్రికలు ఇప్పటికీ ఓ మాట వాడుతుంటాయి: 'ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు'. హెచ్చరికను ఎగురవేయడమేమిటని ఈ తరం పిల్లలు అడగొచ్చు. పగలైతే శంకువు, స్థూపం ఆకారాల గుర్తులను, రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలను స్తంభానికెత్తి సముద్రం మీదున్న వాళ్లకు చూపించే పద్ధతి నుంచి వచ్చిన మాట అది. ఒకటి నుంచి పదకొండు వరకు అంకెలు, ఒక్కో అంకెకు ఒక్కో అమరిక. దాన్ని అందుకోవడానికి చెవులు అక్కర్లేదు, ఫలానా భాష వచ్చి ఉండాలనీ లేదు. ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో వేటకెళ్లే తెలుగు మత్స్యకారుడికీ, ఒడియా పడవవాడికీ అది ఒకటే గుర్తు. రేడియోలు లేని రోజుల్లో తుపాను కబురు పడవకు చేరింది సైగగానే.

ఆ తీరానికి చేరువలోని బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. నేటికీ వీధుల్లో తెలుగు, ఒడియా కలగలిసి వినిపించే ఊరు. 1967లో విశ్వవిద్యాలయం, 1996లో ఎన్‌ఐఎస్‌టీ, 2009లో పర్లా మహారాజా ఇంజినీరింగ్ కళాశాల, 2016లో ఐసర్ రావడంతో గంజాం జిల్లాకు అది చదువుల కేంద్రమైంది. ఇక్కడే కాదు, దేశంలో ఏ ఇంజినీరింగ్ కళాశాలలోనైనా 'ఇమేజ్ ప్రాసెసింగ్' అనగానే తరచూ ముందుకొచ్చే అంశాలు రెండు. ఒకటి ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ. రెండోది చేతి సైగల గుర్తింపు. మొదటిది గంజాం పల్లెల గుమ్మం దాకా వచ్చి ప్రాణాలు కాపాడింది. రెండోది చాలావరకు ప్రయోగశాల గడప దాటలేదు. వెనక ఉన్న లెక్క ఇంచుమించు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకొచ్చింది?

లెక్క ఒకటే

కంప్యూటరుకు చిత్రమంటే అంకెల పట్టిక. అందులో ఉన్నది చెయ్యా, చెరువా అన్నది దానికి పట్టదు. ముందుగా కావలసినదాన్ని నేపథ్యం నుంచి విడదీయాలి. చేతికైతే చర్మం రంగు ఆధారం. నీటికైతే సమీప పరారుణ కాంతి. నీరు ఆ కాంతిని మింగేస్తుంది కనుక చిత్రంలో నల్లగా పడుతుంది, పక్కనున్న పచ్చదనం మెరుస్తుంది. తరవాత అంచు గీయాలి. ఒకచోట అది వేళ్ల రూపురేఖ, మరోచోట తీరరేఖ. ఆపైన ఆ రూపాన్ని కొద్దిపాటి అంకెల్లోకి కుదించాలి. వేవ్‌లెట్ పరివర్తన, ప్రిన్సిపల్ కాంపోనెంట్ విశ్లేషణ వంటి పనిముట్లు రెండు రంగాల వాళ్లూ పంచుకునేవే. చివరిగా 'ఇది ఫలానా' అని పేరు పెట్టాలి. ఒకప్పుడు ఫజ్జీ లాజిక్, సపోర్ట్ వెక్టర్ మెషీన్లు చేసిన ఈ పనిని ఇప్పుడు డీప్ న్యూరల్ నెట్‌వర్కులు చేస్తున్నాయి.

మేఘాల విషయంలో ఈ పని ముందు మనుషులే కంటితో చేశారు. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ 1970లలో ఓ పద్ధతి రూపొందించారు. ఉపగ్రహ చిత్రంలో మేఘాల చుట్టలు ఎలా అల్లుకున్నాయో, నడిమి కన్ను ఎంత స్పష్టంగా ఉందో చూసి, తుపాను బలాన్ని ఒకటి నుంచి ఎనిమిది దాకా 'టీ' సంఖ్యతో చెప్పడమే ఆ పద్ధతి. సముద్రం మధ్యకు వెళ్లి గాలిని కొలవడం అంత తేలిక కాదు. మేఘం చెయ్యి తిప్పిన తీరును బట్టి దాని మనసు చదవాల్సిందే.

ఫైలిన్ నాటి గొలుసు

ఆ చదువు గంజాం జిల్లాకు ఎంత పనికొచ్చిందో 2013లో తేలింది. ఆ ఏడాది అక్టోబరు 12 రాత్రి పదిన్నర ప్రాంతంలో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి కల్పన-1 ఉపగ్రహం దాన్ని చూస్తూనే ఉంది. అప్పటికి మూడు నెలలైనా నిండని ఇన్శాట్-3డి కూడా కక్ష్యలో ఉంది. తీరం దగ్గరపడ్డాక విశాఖపట్నం డాప్లర్ రాడార్ తోడైంది. భారత వాతావరణ శాఖ ఆ తుపానుకు టీ-6.0 అని పేరు పెట్టి, గాలి వేగం గంటకు 215 కిలోమీటర్లని లెక్కగట్టింది. అవే మేఘాలను చూసిన అమెరికా నౌకాదళ కేంద్రం అంతకన్నా ఎక్కువ అంచనా వేసింది. సగటు వేగాన్ని అక్కడ నిమిషానికి, ఇక్కడ మూడు నిమిషాలకు తీసుకోవడం ఈ తేడాకు ఒక కారణం. బొమ్మ ఒకటే అయినా చదువరి మారితే అర్థం మారుతుంది. ఎవరి మాట ప్రకారం నడుచుకోవాలో ముందే తేల్చుకున్నందువల్ల ఒడిశా తడబడలేదు.

1999 అక్టోబరు 17న ఒక తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 29న పెను తుపాను పారాదీప్ దగ్గర విరుచుకుపడ్డాయి. రెండోదానికి దాదాపు పదివేల మంది బలయ్యారు. ఆ దెబ్బతోనే రాష్ట్రంలో విపత్తు నిర్వహణ సంస్థ పుట్టింది, తీరం పొడవునా తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి. పద్నాలుగేళ్ల తరవాత ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని తరలించారు. తదుపరి వరదలతో కలిపినా మృతుల సంఖ్య యాభై దాటలేదు. ఉపగ్రహం నుంచి వాతావరణ శాఖకు, అక్కడి నుంచి కలెక్టరుకు, తహసీల్దారుకు, సర్పంచికి, గుమ్మం ముందు నిలబడి 'బయల్దేరండి' అన్న వలంటీరుకు చిత్రం చేతులు మారుతూ వచ్చింది. ఏ ఒక్క కొక్కెం ఊడినా గొలుసు తెగేది.

తుపాను దాటాక మబ్బు విడవదు. మామూలు కెమెరాకు కింద ఏమీ కనిపించదు. అప్పుడు 2012లో ప్రయోగించిన రీశాట్-1 ఉపగ్రహం రాడార్ చిత్రాల సాయంతో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ముంపు పటాలు తయారుచేసింది. రాడార్ తరంగం మబ్బును చీల్చుకుని దిగుతుంది. నిలిచిన నీరు అద్దంలా దాన్ని పక్కకు తోసేస్తుంది కాబట్టి ఉపగ్రహానికి తిరిగి వచ్చేది తక్కువ. నీళ్లున్నచోటు నల్లగా ఉండిపోతుంది. గరుకైన పొలం, గుడిసె, చెట్టు తెల్లగా మెరుస్తాయి. మునిగిన ఊరేదో, తేలిన దారేదో అలా తెలిసింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం ఇలాంటి రాడార్ కళ్లతోనే పన్నెండు రోజులకోసారి అదే నేలను మళ్లీ చూస్తుంది.

అయినా పైనుంచి చూసినంత మాత్రాన అన్నీ తెలియవు. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. ఆపైన దారి మళ్లి, పొరుగున ఉన్న గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. బారాఘరా గ్రామం వద్ద కొండచరియలు విరిగిపడి పది మందికి పైగా మరణించారు. తుపాను దారిని చూసినవాళ్లు ఆ కొండవాలును చూడలేదు.

తీరం కోత కథ మరోలాంటిది. 1990-2018 మధ్య ఉపగ్రహ చిత్రాలను పోల్చిన జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క ప్రకారం, ఒడిశా తీరం 549.5 కిలోమీటర్లలో 140.72 కిలోమీటర్లు కోతకు గురైంది. 280 కిలోమీటర్ల మేర మేట వేసింది. మొత్తం మీద రాష్ట్రానికి లాభమే అనిపించే ఈ అంకెలు రుషికుల్య నదీముఖం పక్కనున్న పొడంపేటకు ఊరటనివ్వవు. మత్స్యకారుల ఆ పల్లెలో ఒక్కొక్క వరుసగా ఇళ్లు సముద్రం పాలయ్యాయి, జనం వేరేచోట కట్టిన కాలనీకి తరలాల్సి వచ్చింది.

తొంభై ఆరు శాతం ఎక్కడ ఆగింది?

ఇక చేతి సైగల సంగతి. ఉపగ్రహ చిత్రం అరగంటకొకటి వస్తే, ఒక సంజ్ఞ రెండు సెకన్లలో ముగిసిపోతుంది. ఆ వేగాన్ని అందుకోవడంలో తెలుగునేల వెనకబడలేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో భారతీయ సంజ్ఞా భాషపై ఒక పత్రం ప్రచురించారు. వేవ్‌లెట్లతో వీడియోలో చేతిని, తలను విడదీసి, ఫజ్జీ లాజిక్‌తో పదాన్ని గుర్తించారు. పది మంది చేసిన 80 పదాలు, వాక్యాలపై 96 శాతం కచ్చితత్వం సాధించారు. గుంటూరు జిల్లా వడ్డేశ్వరంలోని కేఎల్ విశ్వవిద్యాలయ బృందం సెల్ఫీ వీడియోను ఆధారం చేసుకుంది. ఒక చేత ఫోను పట్టుకుని రెండో చేత సంజ్ఞ చేస్తే చదవాలన్నది ఆలోచన. అయిదుగురు చేసిన 200 సంజ్ఞలపై 2018లో వాళ్ల నెట్‌వర్క్ 92.88 శాతం సాధించింది. ఒడిశాలో ఎన్‌ఐటీ రౌర్కెలా చేతి భంగిమల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 2020లో ఐఐటీ మద్రాసు పరిశోధకులు 263 పదాలకు 4,287 వీడియోలతో ఒక భండారాన్ని అందరికీ తెరిచి ఉంచారు. గూగుల్ మీడియాపైప్ సాఫ్ట్‌వేర్ వచ్చాక, అరచేతిలోని 21 కీలక బిందువులను చౌక ఫోను కూడా పట్టేస్తోంది.

మరి ఎందుకు నిలిచిపోయింది? తొలి కారణం గది. చర్మం రంగును బట్టి చేతిని వెతికే పాత పద్ధతికి ఎర్రమట్టి గోడ, చెక్క తలుపు కూడా చెయ్యిలాగే కనిపిస్తాయి. కొత్త నెట్‌వర్కులు ఆ ఇబ్బంది దాటాయి కానీ, అయిదుగురినో పది మందినో చూసి నేర్చుకున్న యంత్రం పదకొండో మనిషి ముందు తడబడుతుంది. రెండో కారణం భాష. సంజ్ఞా భాష అంటే వేళ్ల భాష మాత్రమే కాదు. కనుబొమ్మ ఎగరేస్తే ప్రశ్న, తల తిప్పితే నిషేధం. 'ఎక్కడ', 'ఎప్పుడు' వంటి ప్రశ్నపదాలు సాధారణంగా వాక్యం చివర పడతాయి. విడివిడి పదాలను గుర్తించడం వాక్యాన్ని అర్థం చేసుకోవడం కాదు. సంజ్ఞా భాష తెలుగుకో ఒడియాకో చేతి రూపమూ కాదు. బరంపురంలో తెలుగింటి బధిర బాలిక, ఒడియా ఇంటి బధిర బాలుడు ఒకే సంజ్ఞా భాషలో ముచ్చటించుకోగలరు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం బధిరుల సంజ్ఞను వినికిడి ఉన్నవాళ్ల మాటగా మార్చడానికే. అంటే చెవులున్నవాళ్ల సౌకర్యం కోసం. 2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50.7 లక్షలు. వాళ్లకు ముందుగా కావలసింది ఏమిటన్న ప్రశ్నకు ప్రయోగశాలలో సమాధానం దొరకదు. ఉపగ్రహ చిత్రానికి వాతావరణ శాఖ ఉంది, విపత్తు సంస్థ ఉంది, కలెక్టర్ ఉన్నాడు. 96 శాతాన్ని అందుకుని మర్నాడు పనిలో పెట్టాల్సిన కార్యాలయం ఏదో ఎవరూ చెప్పలేదు. పత్రం అచ్చయింది, డిగ్రీ వచ్చింది, మరుసటి ఏడాది మరో జట్టు అదే ప్రాజెక్టును మొదటి నుంచి మొదలుపెట్టింది.

సైరన్ దగ్గర తెగిన కొక్కెం

ఈ రెండు దారులూ కలిసే చోటు గంజాం తీరంలోనే ఉంది. 2018లో ఒడిశా ప్రభుత్వం బాలాసోర్ నుంచి గంజాం దాకా ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల ముందస్తు హెచ్చరిక స్తంభాలు నెలకొల్పింది. భువనేశ్వర్ నుంచి ఒక్క మీట నొక్కితే అన్నిచోట్లా సైరన్ మోగుతుంది. ఫోన్లకు సంక్షిప్త సందేశాలు పంపే ఏర్పాటూ ఉంది. అంతరిక్షం నుంచి మొదలైన గొలుసు ఈ స్తంభం దగ్గర శబ్దంగా మారుతుంది. సరిగ్గా అక్కడే బధిరులకు తెగిపోతుంది. సందేశం చదువుకోవచ్చు కదా అంటే, సంజ్ఞలే తొలి భాష అయిన వారికి రాత ఎప్పుడూ రెండో భాషే. బడి మొహం చూడని మత్స్యకారుల సంగతి చెప్పనక్కర్లేదు. కంటికి కనిపించే శంకువు, దీపం నుంచి చెవికి వినిపించే సైరన్‌కు వచ్చేసరికి సంకేతం దూరం వెళ్లింది గానీ, కొందరిని వెనక వదిలేసింది.

ఇక్కడ కావలసింది గుర్తింపు కాదు, దానికి తిరుగు దారి: హెచ్చరికను సంజ్ఞగా మార్చడం. అది మరీ కష్టమూ కాదు. వాతావరణ శాఖ తుపాను ప్రకటనలు నాలుగు దశల్లో, ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. గాలి, వాన, ఉప్పెన, ఊరి పేరు, గంట, ఆశ్రయ భవనం, 'వెళ్లండి', 'ఆగండి'... కొన్ని పదుల సంజ్ఞలతో పని నడుస్తుంది. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికే పదివేల పదాల నిఘంటువు సిద్ధం చేసింది. గంజాంలో ఊళ్ల పేర్లకు స్థానిక బధిరులు వాడే సంజ్ఞలేవో వాళ్లనే అడిగి చిత్రీకరించాలి. బరంపురం విద్యార్థి జట్టు ఒక ప్రాజెక్టు కాలంలో చేయగల పని ఇది. తయారైన వీడియో ముక్కలను విపత్తు సంస్థ తన సందేశాల్లో, ఆశ్రయ భవనాల గోడ మీది తెరపై వాడుకోవాలి. రాత్రిపూట బధిరుల ఇళ్ల ముందు మిణుకుమనే దీపమో, తలగడ కింద కంపించే చిన్న పరికరమో ఉంటే నిద్రలో ఉన్నవాళ్లకూ కబురు చేరుతుంది. చేతి సైగలను గుర్తించే యంత్రానికి పని ఆ తరవాత వస్తుంది: 'నాకు కబురందింది, మా ఇంట్లో నలుగురం ఉన్నాం' అని బధిరుడు ఫోను ముందు చెబితే దాన్ని చదివి ఆశ్రయ భవనం జాబితాకు చేర్చడం.

తుపాను కాలానికి ముందు తీరగ్రామాల్లో మాక్‌డ్రిల్ చేస్తుంటారు. సైరన్ మోగిస్తారు, జనం ఆశ్రయ భవనానికి నడుస్తారు, అధికారులు గడియారం చూసుకుంటారు. ఆ రోజు ఒక్కో ఊళ్లో బధిరులు ఎందరున్నారో, వాళ్లలో ఎందరు ఎవరూ చెయ్యి పట్టుకుని లాగకుండానే బయటికొచ్చారో అదే కాగితం మీద ఇంకో గడిలో రాసుకోవచ్చు. గంజాం తీరాన్ని కుదిపిన 1999, 2013, 2018 తుపాన్లన్నీ అక్టోబరులోనే వచ్చాయి. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టులకు అంశాలు ఎంచుకునేది దానికి కొద్ది వారాల ముందు.