చదువరాని యక్షరము చర్మముపై నేల?

పచ్చబొట్టు పొడిపించుకొనుట మన దేశమునకు క్రొత్త కాదు. ఎరుకల స్త్రీలు సూదులు చేతబూని ఊరూర తిరిగి ముంజేతులపై పచ్చ పొడుచుట మన పెద్దలు కన్నులార చూచినదే. ఆ గుర్తుల యర్థము పొడిచినవారికిని పొడిపించుకొన్నవారికిని తెలిసియుండెడిది. నేడు పాశ్చాత్యదేశములయందు జపాను లిపిని దేహముపై వ్రాయించుకొను వేడుక ప్రబలియున్నది. మన నగరములలోని యువజనులకును అది సోకుచున్నది. ఈ వేడుకను మేము నిందింపము. కాని తాను చదువజాలని వ్రాతను చర్మముపై శాశ్వతముగా ధరించుట, దస్తావేజును చదివించుకొనక వ్రేలిముద్ర వేయుట వంటిదని మా యభిప్రాయము.

ఇందుకొక నిదర్శనము లోకప్రసిద్ధమైనది. 2019వ సంవత్సరము జనవరి మాసమున అరియానా గ్రాండే యను అమెరికా గాయని, ‘ఏడు ఉంగరములు’ అను తన గీతము పేరును జపాను లిపిలో అరచేత పొడిపించుకొనెను. ఏడు అను అర్థముగల యక్షరమును, వలయము అను అర్థముగల యక్షరమును ఆమె చేతిపై నిలిచినవి. విడివిడిగా రెండును సరియైనవే. కాని ఆ రెండును చేరినచో జపానీయులు ‘షిచిరిన్’ అని చదువుదురు. అది ఆహారపదార్థములను కాల్చుకొను చిన్న బొగ్గుల కుంపటి పేరు! ఉంగరము అనుటకు వ్రేలు, వలయము అను రెండక్షరములను జేర్చి ‘యుబివా’ యనవలయును. నొప్పికి తాళలేక నడిమి యక్షరములను విడిచితినని ఆమె చెప్పినది. పిదప వ్రేలు అను అక్షరమును చేర్పించినను, అది తగిన తావున పడకపోవుటచే మాట చక్కబడలేదు. ధనమునకును సహాయులకును కొదువ లేని యామెకే యిట్లు జరిగినపుడు సామాన్యుల మాట చెప్పనేల?

జపాను వ్రాత మన వ్రాత వంటిది కాదు. అందు మూడు లిపులు కలిసి నడచును. చీనా దేశమునుండి వచ్చిన ‘కంజి’ అక్షరములు అర్థమును తెలుపును. ‘హిరగాన’, ‘కతకాన’ యను తక్కిన రెండును ధ్వనిని తెలుపును. వీనిలో ఒక్కొక్కదానియందు నేడు 46 మూలాక్షరములున్నవి. నిత్యవ్యవహారమునకు వలయు కంజి యక్షరములు 2,136 అని జపాను ప్రభుత్వము 2010వ సంవత్సరమున నిర్ణయించెను. ఒకే కంజిని పలు విధముల చదువవచ్చును. పర్వతమును తెలుపు అక్షరము ఒంటరిగా ‘యమ’ యగును. ఫుజి పర్వతము పేరిట ‘సన్’ అగును. కావున ఒక యక్షరము నెరిగినంతమాత్రమున దానిని మరియొకదానితో జతచేయు నధికారము రాదు.

ఇచ్చట మనవారు గమనింపదగిన విశేష మొకటి కలదు. జపాను ధ్వన్యక్షరముల వరుస ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’ యని మొదలై ‘క, స, త, న’ యని సాగును. బౌద్ధభిక్షువుల సంస్కృతాధ్యయన ప్రభావముననే ఈ వరుస యేర్పడినది. మన వర్ణమాలకు దూరపు చుట్టమైన లిపిని అలంకారమాత్రముగా జూచుట మనకు తగదు.

ప్రమాదములు పలు తెరగులు. ‘పెద్ద’ యను అక్షరమునకు పైన చుక్క పడినచో ‘కుక్క’ యగును. క్రింద పడినచో ‘లావు’ అగును. ‘మన్ను’ అనుదానికిని ‘వీరుడు’ అనుదానికిని భేదము రెండడ్డుగీతలలో ఏది పొడవైనదను దానియందే యున్నది. చీనాభాషలో ఒక యర్థమును, జపానుభాషలో వేరొక యర్థమును ఇచ్చు మాటలును గలవు. చేయి, కాగితము అను రెండక్షరములు కలిసి జపానులో ఉత్తరము. చీనాలో మరుగుదొడ్డి కాగితము. ఇక ఆంగ్లాక్షరములు 26కును ఒక్కొక్క కంజిని జతపరచిన పట్టికలు కొన్ని ప్రచారమందున్నవి. అవి కేవలము కల్పితములు. విదేశీయుల పేర్లను సాధారణముగా కతకానలో వ్రాయుదురు. ఆ భాషలో లకారము లేదు. నకారము తప్ప హల్లు ఒంటరిగా నిలువదు. కావున లక్ష్మి ‘రకుషుమీ’ యగును, కృష్ణ ‘కురిషున’ యగును.

జపానీయులే పచ్చబొట్టును ఎట్లు చూతురో అదియు నెరుగవలయును. పూర్వము నేరస్థులకు శిక్షగా బొట్లు పొడిచిరి. 1872వ సంవత్సరమున ప్రభుత్వము పచ్చబొట్టును నిషేధించెను. 1948 వరకు ఆ నిషేధము తొలగలేదు. ఇది వైద్యవృత్తి కాదని, వైద్యుల యనుమతిపత్రము అక్కరలేదని సర్వోన్నత న్యాయస్థానము 2020లో తీర్పు చెప్పినది. అయినను బొట్టు గలవారిని రానీయని స్నానశాలలు నేటికిని అచ్చట కలవు.

“అర్థముతో మాకేమి పని? అందము చాలును” అందురేమో. పరదేశీయుడొకడు ‘ధార’ యని వ్రాయించుకొన దలచి ఒత్తు విడిచి ‘దార’ యని పొడిపించుకొని మన వీధుల తిరిగినచో, మనము ఆ యందమును మెచ్చుదుమా? ప్రవాహము భార్యయైనదని నవ్వమా? అక్షరము ఒక జాతి బుద్ధికి ప్రతిరూపము. దానిని ధరించువాడు దాని మర్యాదను గూడ ధరింపవలయును.

కావున యువజనులకు మా హితవు స్వల్పము. ఒంటరి మాటల నిచ్చు యంత్రానువాదమును నమ్మకుడు. జపాను భాష చదివిన యిద్దరకు వేరువేరుగా చూపి, మీరు అర్థము చెప్పక వారిచే చదివింపుడు. ఇద్దరును ఒక్కమాట చెప్పినపుడే సూదికి చేయి చాపుడు. అక్షరము తలక్రిందులుగా నున్నదేమో, గీతలు సరిగా నున్నవో పొడుచుటకు ముందే చూపించుకొనుడు. లేసరు కిరణములతో చెరపుటకు పలుమారులు వైద్యుని గడప త్రొక్కవలసివచ్చును. అడుగుటకు ఒక పూట చాలును.