సంచి తీసేశారు, మరి ఆ తర్వాత?

పొట్ట మీద సంచితో ఉన్నవాళ్లను ఎవరినైనా అడగండి. వేళ్ల మీద రోజులు లెక్కపెడుతుంటారు. "ఎప్పుడు తీసేస్తారు సార్?" అన్నదొక్కటే వాళ్ల ప్రశ్న. మూడు నెలలో ఆరు నెలలో గడిచి, పేగును మళ్లీ లోపల కలిపి, కుట్లు వేసి ఇంటికి పంపిన రోజు ఇంట్లో పండగే. చాలామందికి ఆ పండగ వారం కూడా నిలవదు. పొద్దున లేచింది మొదలు పదిసార్లు లెట్రిన్‌కు వెళ్లాలి. వచ్చి కూర్చోగానే మళ్లీ వస్తుంది. గ్యాసే కదా అనుకుంటే గ్యాస్ కాదు. ఆపుకుందామంటే ఆగదు. "ఇంతకంటే ఆ సంచే నయం" అని లోలోపల అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఈ సంగతి మనవాళ్లు నోరు విప్పి చెప్పరు. షుగర్ ఎంతుందో బస్సులో పక్కసీటు మనిషికి కూడా చెప్పేస్తాం. మోషన్ ఆగడం లేదన్న ముక్క మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పం. చెకప్‌కు వెళ్తే డాక్టరు "మోషన్ అవుతోందా?" అంటారు, "అవుతోంది సార్" అంటాం. ఎన్నిసార్లు, ఎంత తొందరపెట్టి, బట్టలు పాడవుతున్నాయా అని ఆయన అడగరు, మనం చెప్పం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక ఇంత పెద్ద ఆపరేషన్లు బీడీలు చుట్టే ఇళ్లకూ, మరమగ్గాల ఇళ్లకూ అందాయి. ఆపరేషన్ తర్వాత ఎలా బతకాలో కూర్చోబెట్టి చెప్పే మనిషి మాత్రం జిల్లాల్లో దొరకడం కష్టం.

అసలు సంచి దేనికి పెట్టారన్నది ముందు తెలియాలి. టైఫాయిడ్ ముదిరి చిన్నపేగుకు రంధ్రం పడటం, పేగు టీబీ, పేగు మెలిపడటం, పొట్టలో గట్టి దెబ్బ తగలడం... ఇలాంటి ఆపదల్లో పెట్టిన సంచి అయితే మలాశయం చాలావరకు అలాగే ఉంటుంది. నెలల తరబడి పనిలేక ఊరకున్న పేగు దారికి రావడానికి కొన్ని వారాలో, నెలలో పడుతుంది. చిన్నపేగు చివరి భాగం తీసేసి ఉంటే పైత్యరసం సరిగ్గా ఇంకక పెద్దపేగులోకి దిగి నీళ్ల విరేచనాలు అవుతాయి. దానికి వేరే మందుంది. కాబట్టి ఏ భాగం ఎంత తీశారో రాసి ఉన్న డిశ్చార్జి కాగితాన్ని పారేయకండి.

పెద్ద చిక్కంతా మలాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లది. లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ 1908లో వివరించిన పద్ధతిలో మలాశయంతో పాటు మలద్వారాన్నీ తీసేసేవారు. ఇక జీవితాంతం సంచే. ఇంగ్లండ్‌కే చెందిన బిల్ హీల్డ్ 1982లో మలాశయాన్ని చుట్టూ ఉన్న కొవ్వుపొరతో సహా తీసే పద్ధతిని లోకానికి చెప్పారు. స్టేప్లర్ పరికరాలు కూడా వచ్చాక, మలద్వారాన్ని కాపాడి పేగును బాగా కిందికి తెచ్చి అతికించడం ఎంతోమందిలో సాధ్యమైంది. ఆ అతుకు మానేదాకా రక్షణ కోసం చిన్నపేగుతో తాత్కాలికంగా సంచి పెడతారు. అంటే ఇప్పుడు వీళ్లు పడుతున్న అవస్థ, ఒకప్పుడైతే జీవితాంతం సంచితో ఉండాల్సినవాళ్లది.

మలాశయం పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల పొడవుండే అవయవం. కానీ మహా తెలివైంది. వచ్చినదాన్ని నిలవ చేస్తుంది. వచ్చింది గాలో, నీళ్లో, గట్టిదో కనిపెట్టి చెబుతుంది. ఇప్పుడు కాదు, ఇంకో గంట ఆగుదామంటే సాగి సర్దుకుంటుంది. దాన్ని తీసి పెద్దపేగును నేరుగా కలపడమంటే గోదాము తీసేసి గొట్టం బిగించడమే. దానికి తోడు రేడియేషన్ ఇచ్చి ఉంటే మిగిలిన భాగం బిరుసెక్కి సాగదు. అతుకు మలద్వారానికి ఎంత దగ్గరైతే ఇబ్బంది అంత ఎక్కువ. డాక్టర్లు దీనికి లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. పొట్టిగా లార్స్ అంటారు. పేరుందంటే ఇది మీ ఒక్కరి గొడవ కాదన్నమాట.

ఈ బాధను కొలవడానికి డెన్మార్క్ డాక్టర్లు 2012లో అయిదు ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేశారు. మొత్తం 42 మార్కులు. 20 దాకా వస్తే ఫరవాలేదు, 30, ఆపైన వస్తే బాధ తీవ్రంగా ఉన్నట్టు. ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయ్యే పరీక్ష ఇది! ఇందులో పల్చటి మలం కారిపోవడానికి ఇచ్చింది 3 మార్కులే. రోజుకు ఏడుసార్లకు మించి వెళ్లడానికి 4. ఉన్నపళంగా పరుగెత్తాల్సి రావడానికి ఏకంగా 16, వెళ్లొచ్చిన గంటలోపే మళ్లీ వెళ్లాల్సి రావడానికి 11. రోగుల జీవితాన్ని ఏది ఎంత కుంగదీస్తోందో చూసి ఇచ్చిన మార్కులివి. ఎన్నిసార్లు అన్నదానికంటే ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మనిషిని ఇంట్లో కూర్చోబెడుతోందన్నమాట.

అందుకే ఏం చేసినా లెక్క తగ్గించడం కోసం కాదు, వేళ కుదరడం కోసం చేయాలి. మనవాళ్లు సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. కరీంనగర్ నుంచి జేబీఎస్‌కు బస్సెక్కాలంటే ముందురోజు రాత్రి నుంచే తిండి మానేస్తారు. ఆదిలాబాద్ నుంచైతే మూడు వందల కిలోమీటర్లు, ఇక మంచినీళ్లు కూడా ముట్టరు. పెళ్లికెళ్లినా అంతే, అక్షింతలు వేసి భోజనాల వేళకు మాయమవుతారు. ఖాళీ పేగు ఊరికే ఉండదు. గ్యాస్, జిగట, నీళ్లు తయారుచేస్తుంది. మరునాడు తిన్నప్పుడు మొత్తం ఒక్కసారే కక్ష తీర్చుకుంటుంది. పైగా రామగుండం, ఆదిలాబాద్ ఎండల్లో నీళ్లు మానేయడమంటే వడదెబ్బను పిలవడమే.

తిన్న అరగంటలోపు పెద్దపేగు కదలడం సహజం. పొద్దుటి పూట, అందులోనూ వేడి చాయ్ పడగానే, ఆ కదలిక మరీ ఎక్కువ. దీన్నే వాడుకోవాలి. రోజూ ఒకే వేళకు టిఫిన్, ఒకే వేళకు అన్నం. తిన్నాక వచ్చినా రాకపోయినా వెళ్లి కాసేపు కూర్చోవాలి, ముక్కకూడదు. రాత్రి భోజనం ఏడింటికల్లా ముగిస్తే నిద్ర కొంతైనా దక్కుతుంది. అన్నం, పెరుగు, అరటిపండు, సగ్గుబియ్యం మోషన్‌ను గట్టిపరుస్తాయి. పచ్చికారం, నూనె సరుకు, పాలు, మితిమీరిన చాయ్ చాలామందికి పరుగు పెట్టిస్తాయి. జొన్నరొట్టె ఒకరికి పడుతుంది, ఇంకొకరికి పడదు. పది రకాలు ఒకేసారి మానేసి బక్కచిక్కిపోకుండా, ఒక్కొక్కటే తిని చూసి నోట్‌బుక్కులో రాసుకోవాలి. రెండు వారాల రాత చూపిస్తే డాక్టరుకు స్కానింగ్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇసబ్‌గోల్ మలబద్ధకానికే అని మనందరి లెక్క. గ్లాసుడు నీళ్లతో తాగితే అంతే. కొద్దిపాటి నీళ్లలోనో పెరుగులోనో నానబెట్టి తింటే మాత్రం పేగులో నీటిని పీల్చుకుని పల్చటి మోషన్‌ను ముద్దకట్టిస్తుంది. ఆపరేషన్ అయిన కొత్తలో సర్జన్ సరేనన్నాకే మొదలెట్టాలి. లోపరమైడ్ మాత్ర పేగు వేగాన్ని తగ్గిస్తుంది. మామూలుగా భోజనానికి అరగంట ముందు వేసుకుంటారు. మోతాదు డాక్టరు చెప్పినదే. జ్వరమో, మలంలో రక్తమో ఉంటే దాని జోలికి వెళ్లొద్దు.

మందుల కంటే నిర్లక్ష్యానికి గురయ్యేది వ్యాయామం. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకోవడానికి ఏ కండరాన్ని బిగిస్తామో దాన్ని లోపలికి, పైకి లాగి, అయిదు నుంచి పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. బీడీలు చుడుతూ చేయొచ్చు, టీవీ చూస్తూ చేయొచ్చు, పక్కనున్న మనిషికి తెలియదు. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. నన్నడిగితే సంచి ఉండగానే, సర్జన్‌ను అడిగి, మొదలెట్టడం మంచిది.

చర్మం ఒరుసుకుపోతే నడవడమే నరకం. నీళ్లతో కడుక్కునే అలవాటు మనకు కలిసొచ్చింది. సబ్బు వద్దు, రుద్దొద్దు. మెత్తటి పాత నూలుగుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమో వ్యాజిలైనో పలచగా రాయాలి. బయటికెళ్తే ప్యాడ్, ఒక జత బట్టలు, నీళ్ల సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్ సంచిలో వేసుకోండి. ఆడవాళ్లకు ప్యాడ్ కొత్త కాదు. మగవాళ్లే మెడికల్ షాపు ముందు సిగ్గుపడి వెనక్కి వస్తారు. గనిలో దిగే సింగరేణి కార్మికుడైతే కంపెనీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి సర్ఫేస్ పని అడగాలి. నోరు మెదపకుండా నాగాలు పెడుతూ పోతే కారణం ఎవరికీ తెలియదు.

చాలామందికి మొదటి ఏడాదిలో తేడా తెలుస్తుంది, రెండో ఏట కూడా కొంత నెమ్మదిస్తుంది. పూర్తిగా పాత రోజుల్లా అవుతుందని మాటిచ్చేవాళ్లను నేను నమ్మను. ఏడాది దాటినా తీవ్రంగానే ఉంటే అక్కడితో దారి మూసుకుపోలేదు. మలద్వారం గుండా నీళ్లెక్కించి పేగును ఒకేసారి ఖాళీ చేసుకునే పద్ధతి ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ ముందు ఆస్పత్రిలో నేర్చుకోవాలి. నడుము కింది నరాలకు చిన్న యంత్రంతో విద్యుత్ ప్రేరణ ఇచ్చే చికిత్సా ఉంది, ఖరీదు మాత్రం ఎక్కువ. ఇవేవీ పనిచేయక, ఆలోచించుకుని మళ్లీ శాశ్వతంగా సంచి పెట్టించుకునేవాళ్లు కొద్దిమంది ఉంటారు. వాళ్లను ఓడిపోయినట్టు చూడటం అన్యాయం. వాళ్లకు కావాల్సింది పొలానికో, పెళ్లికో వెళ్లిరావడం. అది సంచితోనే కుదురుతుందని తేల్చుకున్నారు.

పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే రాత్రయినా ఆగొద్దు, ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, చీము, మలంలో రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపించినా అంతే. మోషన్ రానురాను సన్నటి తీగలా వస్తుంటే అతుకు దగ్గర దారి ఇరుకవుతోందేమో చూడమని సర్జన్‌ను అడగండి. క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లు, ఎంత బాగున్నా, ఫాలోఅప్ తేదీ తప్పొద్దు. ఆ రోజు "మోషన్ అవుతోందా?" అని డాక్టరు అడిగినప్పుడు నోట్‌బుక్కు తీసి ముందు పెట్టండి.