తూకం తప్పితే ముప్పే!

విమాన ప్రమాదం అనగానే మండిపోయే ఇంజిను, కమ్ముకొచ్చే మేఘం, అడ్డుతగిలే కొండకొమ్ము స్ఫురణకు వస్తాయి. నేలమీద, కాగితంపై దొర్లిన ఒక్క అంకె తప్పు సైతం అంతటి అనర్థాన్నీ తెచ్చిపెట్టగలదు. ఎంత ఇంధనం నింపారు, ఎంత బరువు ఎక్కించారు, ఆ బరువును ఎక్కడెక్కడ సర్దారు? ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబు లేనిదే ఏ విమానమూ క్షేమంగా లేవదు, క్షేమంగా దిగదు. 2023 సంవత్సరంలోనే ఇండిగో 500, ఎయిరిండియా 470 కొత్త విమానాల కొనుగోలుకు సిద్ధపడ్డాయి. వాటిని నడపడానికి కావలసిన వేలాది పైలట్లలో అత్యధికులు రాటుదేలవలసింది సిమ్యులేటర్లలోనే. ఆ శిక్షణలో ఈ మూడు ప్రశ్నలకు ఏపాటి ప్రాధాన్యం దక్కుతున్నదో తరచి చూడవలసిన తరుణమిది.

ఇంధనం లెక్క తప్పితే ఏమవుతుందో తెలుగు నేలే ప్రత్యక్షంగా చూసింది. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాదుకు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ-300 విమానం, దారి సరిగా కనిపించక దిగలేకపోయింది. మళ్లీ పైకి లేచేసరికి రెక్కల వెనుక ఉండే ఫ్లాప్‌లు పూర్తిగా లోనికి ముడుచుకోలేదు. చేసేదిలేక విమానం మద్రాసుకు తిరుగుముఖం పట్టింది. తెరుచుకున్న ఫ్లాప్‌లకు గాలి అడ్డుతగలడంతో వేగం తగ్గింది, ఇంధనం అంచనాకు మించి ఖర్చయింది. చివరికి తిరుపతికి సమీపంలోని పొలాల్లో దిగవలసి వచ్చింది. అందులోని 260 మందికి పైగా ప్రాణాలతో బయటపడటం అదృష్టమే. మామూలు స్థితిలో సరిపోయే ఇంధనం యంత్రం మొరాయించినప్పుడు చాలదన్నది ఆ పొలాలు నేర్పిన పాఠం. ఆ పాఠం పూర్తిగా ఒంటబట్టలేదనడానికి 2015 ఆగస్టు నాటి ఉదంతమే సాక్ష్యం. దోహా నుంచి కొచ్చికి వచ్చిన ఒక విమానం అక్కడ మూడుసార్లు, తిరువనంతపురంలో మరి మూడుసార్లు దిగబోయి విఫలమై, ట్యాంకులు అడుగంటుతున్న దశలో ఏడోసారి నేలను తాకగలిగింది. ఎన్నిసార్లు ప్రయత్నించాలి, ఏ క్షణాన వేరే విమానాశ్రయం దారి పట్టాలి అన్నది చోదక నైపుణ్యానికి మించి, లెక్కకూ నిబ్బరానికీ సంబంధించిన విషయం.

బరువు సంగతి మరింత సున్నితం. విమానం మొత్తం బరువు పరిమితికి లోబడి ఉంటే చాలదు. ఆ బరువంతా కేంద్రీకృతమయ్యే గరిమనాభి సైతం నిర్ణీత హద్దుల్లో ఉండాలి. అది మరీ ముందుకు జరిగితే ముక్కు బరువెక్కి విమానం లేవడానికి మొండికేస్తుంది. మరీ వెనక్కి జరిగితే నిలకడ కోల్పోతుంది. ప్రయాణంలో ఇంధనం తరిగేకొద్దీ ఈ బిందువు కదులుతూనే ఉంటుంది. ఎక్కించిన బరువును బట్టే, ఎంత వేగం వద్ద ముక్కు పైకెత్తాలన్నదీ నిర్ణయమవుతుంది. 2024 జులై 24న కాఠ్‌మాండూలో సౌర్య ఎయిర్‌లైన్స్ విమానం లేస్తూనే కుప్పకూలి, అందులోని 19 మందిలో 18 మంది మరణించారు. పైలట్లకు ఆధారమైన వేగాల పట్టికలోనే తప్పులున్నాయని, సరుకు, సామాను తూకంలోనూ సర్దుబాటులోనూ ఘోర నిర్లక్ష్యం చోటుచేసుకున్నదని దర్యాప్తు సంఘం వేలెత్తి చూపింది. అఫ్ఘానిస్థాన్‌లోని బాగ్రామ్‌లో 2013 ఏప్రిల్ 29న సరుకు రవాణా విమానం కూలి ఏడుగురు సిబ్బంది మరణించారు. సరిగా బిగించని భారీ సైనిక వాహనం వెనక్కి జారి, తోక భాగంలోని నియంత్రణ వ్యవస్థలను దెబ్బతీయడమే అందుకు కారణమని తేలింది. ఈ రెండు ఘటనల్లోనూ తప్పు మొదలైంది నేలమీదే. మూల్యం చెల్లించింది మాత్రం విమానంలో ఉన్నవారు.

సిమ్యులేటర్ శిక్షణలోని లోటు ఇక్కడే బయటపడుతుంది. ఇంజిను ఆగిపోవడం, మంటలు రేగడం, ఎదురుగాలి వంటి విపత్తులను అది అచ్చుగుద్దినట్లు సృష్టించగలదు. బరువు, గరిమనాభి, ఇంధనం మాత్రం శిక్షకుడు మీటలపై నమోదు చేసే అంకెలు. యంత్రం వాటిని తు.చ. తప్పక పాటిస్తుంది. నిజమైన విమానంలో ఆ అంకె ఎన్నో చేతులు దాటి వస్తుంది. సామాను తూచేవారు, సరుకు ఎక్కించేవారు, ఇంధనం నింపేవారు, లోడ్‌షీట్ తయారుచేసేవారు, అందరూ అందులో భాగస్వాములే. 1983లో ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనం కొలిచినవారు కిలోలకు బదులు పౌన్ల గుణకాన్ని వాడారు. ఫలితంగా కావలసిన ఇంధనంలో సగం కూడా లేకుండానే ఆ విమానం గాలిలోకి లేచింది. అంకెను అనుమానించడం నేర్పని శిక్షణ అసంపూర్ణం. శిక్షణ యంత్రాల నాణ్యతా ప్రశ్నార్థకమవుతోంది. కష్టసాధ్యమైన విమానాశ్రయాలకు సంబంధించిన శిక్షణను అర్హత లేని సిమ్యులేటర్లపై ఇచ్చారంటూ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2025లో దేశంలోని అతిపెద్ద సంస్థకు జరిమానా విధించవలసి రావడం ఆందోళన కలిగిస్తుంది.

దీని వెనుక ఆర్థిక కోణాన్నీ విస్మరించరాదు. విమానయాన సంస్థల నిర్వహణ వ్యయంలో సుమారు మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, ఇంధనానిదే. అనవసరంగా మోసే ప్రతి టన్ను ఇంధనంలో గంటకు దాదాపు 3 శాతం ఆ మోతకే ఖర్చవుతుంది. అందువల్ల అదనపు ఇంధనం అడిగే పైలట్ యాజమాన్యానికి కంటగింపుగా కనిపించవచ్చు. మరోవైపు, 2017లో జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు విమాన ఇంధనాన్ని దాని పరిధికి వెలుపలే ఉంచారు. రాష్ట్రానికో తీరున ఉండే పన్ను కారణంగా చౌకగా దొరికినచోట నింపుకొని మోసుకుపోవడం లాభసాటి అవుతుంది. ఒకచోట పొదుపు పేరిట తగ్గించాలన్న ఒత్తిడి, మరోచోట పన్ను తప్పించుకోవడానికి పెంచాలన్న ఆశ! విమానంలో ఎంత ఇంధనం ఉండాలన్నది వాతావరణం, దూరం, ప్రయాణికుల భద్రత నిర్ణయించాలి గాని పన్నుల పట్టికలు కాదు.

విమానం కూలాక విచారణ సంఘాలు వేయడం గతజల సేతుబంధనమే. సిమ్యులేటర్ పరీక్షల్లో కావాలనే తప్పు దొర్లించిన లోడ్‌షీట్‌ను పైలట్ ముందుంచి, దాన్ని పసిగట్టగలడో లేదో చూడాలి. ముడుచుకోని ఫ్లాప్‌లతో, మూసుకుపోయిన ప్రత్యామ్నాయ విమానాశ్రయంతో, తరుగుతున్న ఇంధనంతో నిర్ణయం తీసుకోవడం నేర్పాలి. ఇంధన ప్రణాళిక రూపొందించే సిబ్బంది, సరుకు ఎక్కించే సిబ్బంది కూడా పైలట్లతో కలిసి ఈ తర్ఫీదు పొందాలి. అదనపు ఇంధనం కోరిన కమాండర్‌ను సంజాయిషీ అడగరాదన్న నియమాన్ని డైరెక్టరేట్ జనరల్ కచ్చితంగా అమలు చేయాలి. ఇంధనంపై పన్నుల తేడాలను సరిదిద్దే బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. విమానాల సంఖ్యను చూసి మురిసిపోతున్న పాలకులు, వాటి తూకాన్ని చూసుకునే వ్యవస్థను ముందుగా చక్కదిద్దాలి. తిరుపతి పొలాల్లో తోడునిలిచిన అదృష్టం ప్రతిసారీ ఆదుకుంటుందనుకోవడం ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమే!