ముందు తరగతి, తర్వాత కోర్సు: ముదినేపల్లి ప్రాంత ఇంగ్లీషు టీచర్ల ప్రణాళిక

ముదినేపల్లిలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు చెబుతున్న టీచర్లం మేం. కొందరం అంగలూరు డైట్‌లో చదివి ఎస్జీటీలుగా చేరి, పదోన్నతి మీద స్కూల్ అసిస్టెంట్లమయ్యాం. కొందరం బీఈడీ చేసి డీఎస్సీలో నేరుగా వచ్చాం. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాక ఇంకా ఏ కోర్సు చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అన్నదాని మీద మేం కలిసి కూర్చుని తేల్చుకున్న మాటలివి.

తరగతిలో చిక్కు ఎక్కడుందో తేలాకే కోర్సు సంగతి చూస్తాం. మా బడుల్లో తొమ్మిదో తరగతి కుర్రాడు తెల్లవారుజామున తండ్రితో చెరువు గట్టు మీద ఉంటాడు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయనీ, వెంటనే ఏరియేటర్లు వెయ్యాలనీ వాడికి తెలుసు. తెలుగులో అడిగితే ఆపకుండా చెబుతాడు. అదే ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమంటే గైడులోని వ్యాసం మొదటి పేరా దించుతాడు. గుండ్రటి దస్తూరీ, ఒక్క తప్పు ఉండదు, ఒక్క వాక్యమూ వాడిది కాదు. వాడి చేత సొంత వాక్యం ఎలా రాయించాలి? దీనికి దారి చూపే చదువే మాకు కావాలి.

టెట్ సంగతి వేరు. అది లేకుండా సర్వీసులో చేరి ఇంకా ఐదేళ్లకు మించి ఉద్యోగం మిగిలినవాళ్లు పాసవ్వాల్సిందేనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. రాస్తాం. కానీ దాన్ని వృత్తిలో ఎదుగుదల కింద లెక్కెయ్యం. దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు పదోన్నతికి పనికొస్తుంది, సాహిత్యం మీద ఇష్టమున్నవాళ్లు తప్పక చదవాలి. బోధన నేర్పడం మాత్రం దాని పని కాదు. ఇక వారాంతంలో ఇంట్లో కూర్చుని పూర్తి చేసే ఆన్‌లైన్ సర్టిఫికెట్లు: మన పాఠం ఒక్కరూ చూడకుండా చేతికొచ్చే కాగితానికి రూపాయి కూడా పెట్టొద్దని తోటి టీచర్లకు గట్టిగా చెబుతున్నాం.

కేంబ్రిడ్జి వారి సెల్టా కోర్సు కొత్తగా బోధనలోకి వచ్చేవాళ్ల కోసం పెట్టింది. అనుభవం ఉన్నవాళ్లకు తగినది డెల్టా. దాని మూడు మాడ్యూళ్లలో రెండోదాన్ని మేం ఎంతో గౌరవిస్తాం. అందులో టీచరు చెప్పిన నాలుగు పాఠాలను తరగతిలో కూర్చుని చూసి అంచనా కడతారు, వాటిలో ఒకటి బయటి పరీక్షకులు చూస్తారు. అయితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. అప్పు చేసైనా చెయ్యమని ఎవరికీ చెప్పం.

మా మొదటి ఎంపిక ఇఫ్లూ. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన చోటు అది. దూరవిద్యలో ముందు పీజీసీటీఈ (ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్), ఆపైన పీజీడీటీఈ (అందులోనే పీజీ డిప్లొమా). రెండూ మన దేశపు తరగతులను ఎదురుగా పెట్టుకుని తయారైన చదువులు. ఉద్యోగం మానకుండా చెయ్యొచ్చు. 1963లో బెంగళూరులో పెట్టిన దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థలో 30 రోజుల శిక్షణకు అవకాశం వస్తే వదులుకోవద్దు.

పెద్ద తరగతులకు కొత్త పద్ధతులు నప్పవన్న మాటను మేం ఒప్పుకోం. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు దక్షిణాదిలోని మామూలు బడుల్లోనే పిల్లలకు పనులిచ్చి, ఆ పనుల మీదుగా ఇంగ్లీషు నేర్పే ప్రయోగం నడిపారు. బెంగళూరు ప్రాజెక్టుగా దాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతోంది. మన చెరువు గట్టు కుర్రాడికి ఏరియేటరు ఎప్పుడు వెయ్యాలో ఇంగ్లీషులో సూచనలు రాసే పని ఇవ్వడం ఆ దారిలోదే. పిల్లలు ముందు తెలుగులో మాట్లాడుకుని తర్వాత రాస్తామంటే రాయనిద్దాం. తరగతిలో తెలుగును నిషేధించం.

ప్రభుత్వాన్ని అడిగేవి మూడు. ఒక్కరే ఇంగ్లీషు టీచరున్న హైస్కూలు నుంచి శిక్షణకు పంపితే ఆ నెల సర్దుబాటు మీద ఇంకొకరిని వెయ్యాలి. పీజీసీటీఈ పాసైనవాళ్లకు ఫీజు తిరిగివ్వాలి. జాతీయ విద్యావిధానం 2020 ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది, ఒకరి పాఠం ఒకరు చూసి చర్చించుకున్న సమయాన్నీ ఆ గంటల్లో కలపాలి.

అది కలిపేదాకా ఆగం. ఏ కోర్సులో చేరినా చేరకపోయినా, మా తరగతి తలుపు తోటి టీచరుకు తెరిచే ఉంచుతాం. చూసినవాళ్లు మార్కులు వెయ్యరు, హెచ్ఎంకు చెప్పరు. పిల్లలు ఏం చేశారో రాసి మాకిస్తారు, అంతే.

మండవల్లి, కైకలూరు, కలిదిండి టీచర్లారా! వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి మీ తరగతిలో మిమ్మల్ని వేధిస్తున్న ప్రశ్న ఒకటి కాగితం మీద రాసుకుని రండి. ఎవరు ఏ కోర్సుకు దరఖాస్తు పెట్టాలో అక్కడే కూర్చుని తేల్చుకుందాం.