కొత్త డ్రాయింగు సర్వర్లో, పాతది మన చేతిలో

స్లాబు పోసిన నాలుగో రోజు కన్సల్టెంటు ఇంజనీరు వచ్చి "పైపుల స్లీవులు ఇక్కడెందుకు పెట్టారు?" అని అడిగాడు. మాకిచ్చిన డ్రాయింగులో అలాగే ఉందన్నాం. తీసి చూస్తే అది రివిజన్ బి. క్లయింటు పోర్టల్లో అప్పటికే సి వచ్చి తొమ్మిది రోజులైంది. పన్నెండు చోట్ల కోర్ కటింగ్ చేశాం. రిపోర్టులో మాత్రం "సైటు పొరపాటు" అని రాశారు. కాంక్రీటుకు ముందు అదే పాత కాగితం చూసి సంతకం పెట్టిన ఇన్‌స్పెక్టరు ఊసే లేదు!

ఇక్కడ గల్ఫ్‌లో పెద్ద ప్రాజెక్టుల కాగితాలన్నీ ఇప్పుడు అకోనెక్స్ లాంటి పోర్టళ్లలోనే ఉంటాయి. ఒకప్పుడు డాక్యుమెంట్ కంట్రోలర్ ఒక్కో ఫైలూ తెరిచి దించుకునేవాడు. ఇప్పుడు ఏపీఐ అనే దారిలో ప్రోగ్రామే పోర్టల్‌ను అడిగి ఫైళ్లు తెచ్చుకుంటుంది. మనం క్యాంపులో నిద్రపోతుంటే అవి కంపెనీ సర్వర్లోకి వచ్చి పడతాయి. మంచిదే, వద్దనేవాళ్లం కాదు. కానీ దానికి చెప్పినంతే చేస్తుంది. మా కంపెనీ ప్రోగ్రాం డ్రాయింగు నంబరు ఒక్కటే చూసేది. ఆ నంబరు ఫైలు ఫోల్డర్లో ముందే ఉంది గదా అని కొత్తదాన్ని వదిలేసింది. రివిజనూ, స్టేటస్సూ కూడా చూడమని రాసుంటే ఈ గొడవే లేదు. స్టేటస్సు ఎందుకంటే, "సమాచారం కోసం" పంపిన డ్రాయింగుతో పని మొదలెట్టకూడదు, "నిర్మాణం కోసం" అని ఉండాలి. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 కూడా ప్రతి ఫైలుకూ ఈ రెండు గుర్తులూ ఉండాలనే చెబుతోంది.

మేమడిగేది పెద్ద కోరికేం కాదు. ఫైళ్లను మార్చే అధికారం మాకొద్దు, చూసే లాగిన్ చాలు. పాత రివిజన్లను వేరే ఫోల్డరుకు మార్చండి. డ్రాయింగు చదవడం రాదనుకుంటున్నారేమో, డిప్లొమాలో మేం చదివిందే అది.

అన్నలారా, ఈలోగా మీరూ ఒక పని చేయండి. షట్టరింగ్ మొదలెట్టే ముందు డ్రాయింగు మీది రివిజన్ అక్షరం, తేదీ ఫొటో తీసి "ఇదే లేటెస్టా?" అని ఆఫీసుకు వాట్సాప్ చేయండి. జవాబు చెరపకండి. ఇన్‌స్పెక్షన్ ఫారంలో రివిజన్ రాయకుండా సంతకం తీసుకోకండి.

ఆ గొడవయ్యాక మాకొక లాగిన్ ఇచ్చారు. సూపర్‌వైజర్లం ఆరుగురం, లాగిన్ ఒక్కటి.