పాత బండికి కొత్త ఇంజనా?

జోంగా బండిని మీలో కొందరు చూసే ఉంటారు. జపానువారి నిస్సాన్ పాట్రోల్ నమూనాను అనుసరించి, జబల్‌పూర్‌లోని కర్మాగారంలో మన సైన్యం కోసం తయారుచేశారు. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది కనుక బురదలోనూ ఇసుకలోనూ సాగిపోతుంది. 1999లో దాని తయారీ ఆగిపోయింది. సైన్యం వేలం వేసిన బండ్లను కొందరు కొని, ఇంటి షెడ్డులోనే బాగుచేసుకుంటున్నారు.

మా మేనల్లుడూ ఒకటి తెచ్చాడు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. దాన్ని తీసేసి డీజిలు ఇంజను పెట్టమని చూసినవారందరూ చెప్పారు. దాని పెట్రోలు దాహం ఎరిగినవారి మాట అది; తోసిపుచ్చలేం. కాని ఇంజను మారితే ముందుభాగం బరువు మారుతుంది, గేరుపెట్టెతో పొందిక చెడుతుంది. చివరకు మిగిలేది జోంగా ఆకారమే. రోజూ తిరిగే బండికైతే సరే; జ్ఞాపకంగా నిలుపుకొనే బండికి అది తగదని నా అభిప్రాయం.

చాలామంది ముందుగా రంగు వేయిస్తారు. తుప్పు ఆ రంగుకింద దాగి ఛాసిస్‌ను తింటూనే ఉంటుంది. మావాడు ఆరు నెలలు బండికింద పడుకొని తుప్పు గోకాడు. ఊడదీసిన ప్రతి బోల్టుకూ చీటీ కట్టాడు. మా అక్క విసుక్కుంది. ఆ షెడ్డు ఆమె వడ్ల బస్తాలది మరి! బ్రేకులు సరిచేశాకే ఇంజను తిప్పాడు. రంగు ఇంకా వేయలేదు.