శ్మశానమున హాస్యము

‘శ్మశానవైరాగ్యము’ అను మాట తెలుగువారందరకును తెలిసినదే. చితి మండుచున్నంతసేపు మనుష్యునకు సంసారమంతయు మిథ్యగా తోచును. స్నానము చేసి ఇల్లు చేరుసరికి పొలముగట్టు తగాదా జ్ఞప్తికి వచ్చును. ఈ మాటను పుట్టించిన పెద్దలు వేదాంతులో హాస్యప్రియులో చెప్పుట కష్టము. చావు చుట్టును, శ్మశానము చుట్టును అల్లబడిన హాస్యచిత్రములను గూర్చి విచారించువారు ముందుగా ఈ మాటను తలచుకొనుట మంచిది.

ఇట్టి చిత్రములు పెక్కు భాషలలో వచ్చినవి, వచ్చుచున్నవి. వానిని చూచి పెద్దలు కొందరు ముఖము చిట్లించుకొందురు. చావింట నవ్వేమి, శవముతో పరాచికములేమి అని వారి ఆక్షేపణ. ఈ ఆక్షేపణకు శాస్త్రబలము లేకపోలేదు. కరుణ భయానకములు హాస్యమునకు విరోధులని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున చెప్పినాడు. మన అలంకారికుల దృష్టిలో శ్మశానము బీభత్స భయానకములకు ఉనికిపట్టు. మాలతీమాధవము ఐదవ అంకమున భవభూతి మాధవుని నరమాంస విక్రయమునకై శ్మశానమునకు పంపినది ఆ రసముల కొరకే. ఆ మహాకవి తన నాటకములలో విదూషకునకు చోటే ఈయలేదు.

ఐనను షేక్స్పియరు త్రోవ వేరు. హామ్లెట్ ఐదవ అంకమున గోతులు త్రవ్వువారిచేత పరిహాసములాడించి, కొంతసేపటికే ఒఫీలియా శవమును ఆ గోతి యొద్దకు తెప్పించినాడు. అంతవరకు నవ్విన ప్రేక్షకుడు తన నవ్వునకు తానే ఉలికిపడును. విరోధులైన రసములు ఎదురుపడినంతమాత్రమున రెండును నశింపవలెనన్న నియమము లేదు. ఒకదానివలన మరియొకటి పదునెక్కవచ్చును.

ఈ సత్యమును మంచి చలనచిత్రములు గ్రహించినవి. ఈవ్లిన్ వా 1948లో వెలువరించిన చిన్న నవల ఆధారముగా టోనీ రిచర్డ్‌సన్ 1965లో ‘ది లవ్డ్ వన్’ అను చిత్రమును తీసెను. కాలిఫోర్నియాలోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటిక ఆ కథకు ప్రేరణ. కథలోని వాటిక ఉద్యానవనమువలె నుండును. శవమునకు రంగులు పూసి, ముఖము తీర్చిదిద్ది, బంధువులకు చూపుదురు. తుదకు వాటికకు అధిపతియైన మతగురువు, శవములకంటె వృద్ధులవలన రాబడి హెచ్చని లెక్కవేసి, పూడ్చిన శవములను అంతరిక్షమునకు పంపివేసి ఆ భూమిలో వృద్ధులకు నివాసములు కట్టించుటకు ఉద్యుక్తుడగును. ఇందు నవ్వు శవముపై కాదు. శవమును సరకుగా చేసిన వ్యాపారముపై.

మన పొరుగు భాషలలోను ఇట్టి కృషి జరిగినది. రామ్ రెడ్డి కన్నడమున తీసిన ‘తిథి’ 2015లో లొకార్నో చిత్రోత్సవమున బహుమతి నందెను. మండ్య ప్రాంతపు పల్లెవాసులే అందు నటులు. నూటొక్క ఏండ్ల సెంచరీ గౌడ మరణముతో కథ మొదలై పదునొకండవనాటి తిథితో ముగియును. మనుమడు తమ్మన్నకు తాత పోయిన దుఃఖముకంటె భూమి అమ్మవలెనన్న ఆత్రము మిక్కుటము. తండ్రి గడ్డప్పకు భూమియు అక్కరలేదు, సంతకమును అక్కరలేదు. పొలములవెంట తిరుగుటయే కావలెను. కావున తమ్మన్న బ్రతికియున్న తండ్రికి మరణపత్రము పుట్టించును. చచ్చినవానికి విందు, బ్రతికినవానికి చావుకాగితము!

లిజో జోస్ పెల్లిస్సేరి మలయాళమున తీసిన ‘ఈ.మ.యౌ.’ 2018లో వెలువడినది. తన ఉత్తరక్రియలు ఘనముగా జరుగవలెనని తండ్రి అడుగగా, పేదవాడైన కుమారుడు మాట యిచ్చును. వెంటనే తండ్రి మరణించును. శవపేటిక వెల, బాజా భజంత్రీలు, పుకార్లు, పోలీసులు, చర్చి గురువు అనుమానము ఒకదానిపై నొకటి వచ్చి పడును. తుదకు శ్మశానమున చోటు దొరకక కుమారుడు తన ఇంటి పెరటిలోనే గోయి త్రవ్వును. అంతవరకు నవ్వినవారికి అచ్చట గొంతు పట్టుకొనును.

2023లో వేణు యెల్దండి తెలుగున తీసిన ‘బలగం’ కూడ ఈ కోవలోనిదే. తాత చనిపోయెనను వార్త మనుమనికి తన నిశ్చితార్థము చెడునన్న దిగులుగానే తోచును. కట్నము సొమ్ముతో అప్పు తీర్చుకొందునని అతని ఆశ. ఇరువది ఏండ్లనాడు విందులో మూలుగబొక్క కొరకు పుట్టిన అలుక బావమరదులను విడదీసినది. తాతకు పెట్టిన పిండమును కాకి ముట్టదు. కాకి కొరకు ఊరంతయు ఆకాశమువంక చూచుట హాస్యమే. అది ఎందుకు ముట్టలేదో తెలిసిన క్షణమున అదియే కరుణము.

ఈ నాలుగింటను నవ్వు ఒక్క దిక్కునకే పోవుచున్నది. చనిపోయినవానిని ఏ చిత్రమును ఎగతాళి చేయలేదు. పరిహాసము బ్రతికియున్నవారి పేరాసకు, ఆడంబరమునకు, కన్నీరు లేని ఏడ్పునకు. చావింట నిజమైన అమర్యాద చేయునది ఇట్టివారే కాని వారినిచూచి నవ్వినవాడు కాడు.

అట్లని శ్మశానమున పుట్టిన ప్రతి నవ్వును మెచ్చుకొనదగినది కాదు. కాటికాపరిని త్రాగుబోతుగా, దయ్యమునకు జడిసి పరుగెత్తు వెర్రివానిగా చూపి నవ్వించు హాస్యము కూడ కలదు. అది సులభమైన హాస్యము; అన్యాయమైనది కూడ. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రలోని కాటిసీనును తెలుగుప్రజ తరతరములుగా కంటనీరు పెట్టుకొని చూచినది. రాజునకు కాటికాపరి పని పట్టెనే యని ఆ కన్నీరు. ఆ పని పుట్టువుతోనే పట్టినవాని కొరకు ఎందరు విలపించిరి? ఆ రంగమున నటులు పాడగా సభ ‘వన్స్ మోర్’ అని కోరిన పద్యములు, అంటరానితనపు అవమానమును స్వయముగా అనుభవించిన జాషువావి. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు బంధువులు తాకుటకు జంకిన శవములను పెక్కుచోట్ల దహనము చేసినది శ్మశానమున పనిచేయువారే. ఆ దినములను చూచినవారికి వారిని గూర్చి నవ్వు రారాదు.

కనుక ఇట్టి చిత్రమును గూర్చి విద్యార్థి అడిగినపుడు ఉపాధ్యాయుడు చూడవద్దనుటకంటె ఒక ప్రశ్న వేయుట మేలు: ఇందు నవ్వు ఎవరిపై పడినది? చావునుకూడ లాభముగా లెక్కించువానిపై పడినచో ఆ చిత్రము తరగతిలో చర్చకు తగినది. మన శవమును మోయువానిపై పడినచో, ఎంత నవ్వించినను, అది హాస్యము కాదు, కృతఘ్నత.